పడమటి గదికి బ్లాకౌట్ కర్టెన్లు: ఏ గుడ్డ, ఎంత గుడ్డ, ఎలా బిగించాలి?

భీమవరం_పడమర:
గది 12 అడుగులు × 11 అడుగులు, భీమవరంలో పై అంతస్తు. పడమటి గోడకి టేకు కిటికీ. వెడల్పు 5 అడుగులు, ఎత్తు 4, దాని నెత్తిన అదే బంధంలో అడుగు ఎత్తున అద్దాల వెంటిలేటరు. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, లోపలివైపు ఊచలు. దక్షిణాన 3 అడుగుల యూపీవీసీ స్లైడింగు కిటికీ. ఏసీ ఉంది. రాత్రి డ్యూటీ చేసే మనిషి ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఇందులో పడుకోవాలి. షాపులో "త్రీ పాస్" అని ఒకటి, "ట్రిపుల్ వీవ్" అని ఒకటి చూపించారు. రెండూ నూటికి నూరు చీకటే అంటున్నారు. ఏది తీసుకోవాలి? రెడీమేడ్ 5 అడుగులవి సరిపోతాయా, కుట్టించాలా?

కుచ్చిళ్ళు:
రెండూ ఒకటి కావండీ. త్రీ పాస్ అంటే గుడ్డ వీపున మూడు పొరల నురగ పూత: ముందు తెలుపు, మధ్యలో నలుపు, పైన మళ్ళీ తెలుపు. వెలుగును ఆపేది ఆ నల్ల పొర. టూ పాస్‌లో మొదటి తెల్ల పొర ఉండదు. నలుపు నేరుగా గుడ్డకి అంటుకుని ఉంటుంది కాబట్టి లేత రంగు తీసుకుంటే ముందువైపు బూడిదరంగు కొడుతుంది. ట్రిపుల్ వీవ్‌లో పూత ఏమీ ఉండదు. ముందు నూలుకీ వెనక నూలుకీ మధ్య నల్లనూలు పెట్టి నేస్తారు. నేత కాబట్టి సందులు ఉంటాయి, ఎండ నేరుగా పడితే సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. ఇందులో రంగు కూడా లెక్కలోకి వస్తుంది: అదే గుడ్డ మీగడ రంగులో కంటే ముదురు నీలంలో ఎక్కువ వెలుగు ఆపుతుంది. పూత గుడ్డలో ముందు రంగు ఏదైనా ఒకటే.

షాపులో పరీక్ష ఇలా చేయండి. ఫోను టార్చి వెలిగించి గుడ్డకి వెనకనుంచి ఆనించండి. ముందునుంచి వెలుగు గుండ్రం ఏమీ తెలియకపోతే పూత మంచిది. ట్రిపుల్ వీవ్ అయితే గుడ్డను రెండు చేతులా కొంచెం సాగదీసి చూడండి, చుక్కలు ఎన్నో అప్పుడు తెలుస్తాయి. పూత గుడ్డని ఒక మూల కాగితంలా మడిచి గోటితో గట్టిగా గీసి విప్పండి. మడత దగ్గర గీత పగిలి వెలుగు కనపడితే ఆ థాను వదిలేయండి. మీకు పగటి నిద్ర, పైగా పడమటి ఎండ. త్రీ పాస్ తీసుకోమంటాను.

అంతర్వేది_గాలి:
ఇక్కడే నేను ఒప్పుకోను. ఏసీ షోరూములో బాగుంటుంది ఆ నురగ పూత. మన డెల్టా గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది, దానికి పడమటి అద్దం వేడి తోడవుతుంది. పూత మొదట జిగురు పడుతుంది, మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, లాగితే పొరలుగా ఊడి వస్తుంది. ఊడిన చోట వెలుగు నక్షత్రాల్లా కనిపిస్తుంది. ఒకసారి ఊడితే దానికి మరమ్మతు లేదు, మొత్తం కర్టెను పారేయాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో నేసిన గుడ్డే తీసుకోవాలి.

కుచ్చిళ్ళు:
మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. అందుకే పూతని ముందు గుడ్డకే పూసినది కొనకుండా లైనింగుగా విడిగా వేయాలి. ముందు గుడ్డ ట్రిపుల్ వీవ్, వెనక తెల్లటి బ్లాకౌట్ లైనింగు. రెండిటినీ కింద కలిపి కుట్టకూడదు. పైన మాత్రం ప్రతి 6 అంగుళాలకి ఒక టిచ్ బటన్ పెట్టి తగిలించాలి. లైనింగు పాడైతే అదొక్కటే విప్పి కొత్తది వేసుకోవచ్చు. ముందు గుడ్డని మిషన్‌లో ఉతుక్కోవచ్చు, లైనింగుకి నీళ్ళ గొడవే ఉండదు. లైనింగు కింద అంచు ముందు గుడ్డకన్నా అంగుళం పొట్టిగా ఉంచండి, లేకపోతే తెల్లగా బయటికి తొంగి చూస్తుంది.

అంతర్వేది_గాలి:
విడిగా అయితే నాకూ సమ్మతమే.

రీపరు_మేకు:
గుడ్డ గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం గాని, చీకటి చెడేది గుడ్డలోంచి కాదు, అంచుల్లోంచి. కర్టెను వెనక చిక్కిన వెలుగు ఎక్కడ సందు దొరికితే అక్కడికి పోతుంది. అన్నిటికన్నా పెద్ద సందు పైన. రాడ్డు గోడకి 3 అంగుళాలు ఎడంగా ఉంటుంది, ఆ 3 అంగుళాల ఖాళీ 6 అడుగుల పొడవునా పైకి నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోంచి లేచిన వెలుగు తెల్ల సున్నం వేసిన సీలింగుకి తగిలి గదంతా పరుచుకుంటుంది. గుడ్డ ఎంత మంచిదైనా గది తెల్లవారుజాములా ఉంటుంది.

దీనికి పెల్మెట్ పెట్టె, అంటే రాడ్డుని కప్పే చెక్క పెట్టె, కట్టించాలి. వడ్రంగికి మరీ మరీ చెప్పాల్సింది ఒకటే: పైన మూత ఉండాలి. చాలామంది ముందు పలక, రెండు పక్క పలకలు కొట్టి పైన వదిలేస్తారు. చూడటానికి పెట్టెలాగే ఉంటుంది, వెలుగుకి మాత్రం చిమ్నీలా పనిచేస్తుంది. మూత గోడకి ఆనేచోట సన్నని సందు మిగిలితే సీలెంటు గొట్టంతో పూడ్చాలి. ఒక వరస కర్టెనుకి లోతు 6 అంగుళాలు, లోపల పల్చటి తెర కూడా వేసేట్టయితే 8. ముందు పలక ఎత్తు 7, 8 అంగుళాలు. చెమ్మకి ఉబ్బకుండా 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీటికి తట్టుకునే రకం) ప్లైవుడ్ వాడండి. మామూలు పార్టికల్ బోర్డు ఒక వానాకాలానికే అంచులు పువ్వులా విచ్చుకుంటుంది. పెట్టె లోపలివైపు మెరుపులేని నల్లరంగు వేయిస్తే మిగిలిన వెలుగు కూడా అందులోనే చచ్చిపోతుంది.

తర్వాత పక్కలు. కిటికీ బంధానికి అటు 8, ఇటు 8 అంగుళాలు కర్టెను దాటాలి. దాటి ఊరుకుంటే చాలదు, చివర మలుపు తిరిగి గోడకి ఆనాలి. మీది పడమటి కిటికీ కాబట్టి ఇంకో మాట. జూన్‌లో మన దగ్గర సూర్యుడు సరిగ్గా పడమట కుంగడు, సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి కుంగుతాడు. ఎండ వాయవ్యం నుంచి ఏటవాలుగా వస్తుంది. రాడ్డుని బంధం వెడల్పుకే ఆపేస్తే, గదిలో కిటికీకి ఎదురుగా నిలబడినప్పుడు మీ ఎడమచేతి అంచులోంచి ఎండ చార నేరుగా మంచం మీదికి వస్తుంది. డిసెంబరులో అదే చార కుడి అంచుకి మారుతుంది. అందుకని రెండు పక్కలా మలుపు తప్పదు.

భీమవరం_పడమర:
చాలా ఉపయోగపడింది. రింగుల కర్టెన్లకి ఈ మలుపు ఎలా వస్తుంది? షాపుల్లో అన్నీ రింగులవే ఉన్నాయి.

రీపరు_మేకు:
రింగుల రకం చీకటికి పనికిరాదండీ, సూటిగా చెబుతున్నా. రింగు దగ్గర గుడ్డ అలలా ముందుకీ వెనక్కీ పోతుంది, ప్రతి అల దగ్గరా గోడవైపు ఒక బొక్క. మీ 76 అంగుళాల రాడ్డుకి మధ్యలో బ్రాకెట్ తప్పనిసరి, లేకపోతే వంగుతుంది. రింగులు ఆ బ్రాకెట్‌ని దాటవు. అంటే రెండు తెరలూ మధ్యలో ఒకదానిమీదకి ఒకటి రావు, నడుమ నిలువు గీత మిగులుతుంది. అయస్కాంతాలు కుట్టించినా ఫ్యాను గాలికి విడిపోతాయి.

అల్యూమినియం ట్రాకు తీసుకోండి, చివర్లు వంపు తిరిగిన రకం. హుక్కులు తగిలించే బండ్లు (రన్నర్లు) ట్రాకు లోపలే జారతాయి కాబట్టి బ్రాకెట్ అడ్డురాదు. మధ్యలో ఒక తెర ఇంకోదానిమీదకి 4 అంగుళాలు ఎక్కడానికి వంపు చెయ్యి ఉన్న పెద్ద బండి విడిగా దొరుకుతుంది, అది అడిగి తీసుకోండి. పైన రింగులకి బదులు కుచ్చిళ్ళు కుట్టించి హుక్కులు. సముద్రపు గాలి తగిలే చోట అల్యూమినియానికి ఇంకో మేలు, తుప్పు పట్టదు. స్టీలు రాడ్డే కావాలంటే 304 రకం అడగాలి. 202 రకానికి నరసాపురం, అంతర్వేది వైపు కొన్నాళ్ళకే టీ మరకల్లాంటి తుప్పు వస్తుంది, అది గుడ్డకి అంటుకుంటే పోదు.

బిగింపు: కిటికీ బంధం నెత్తిన ఉండేది లింటెల్, కాంక్రీటు. దాని ఎత్తు సాధారణంగా 6 అంగుళాలు. మామూలు డ్రిల్లుతో గంటసేపు నొక్కినా దిగదు, హ్యామర్ డ్రిల్లు తెప్పించండి. 8 మి.మీ. బిట్టు, 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గు, 2 అంగుళాల స్క్రూ. లింటెల్ కింది సగంలో ఇనుప కడ్డీలు ఉంటాయి కనుక పై సగంలో కన్నం వేయండి. బిట్టు ఇనుముకి తగిలితే కీచుమని అరుస్తుంది, అక్కడ ఆపి అంగుళం పక్కకి జరగండి. బంధానికి 8 అంగుళాలు అవతల మాత్రం లింటెల్ దాటిపోయి ఇటుక రావచ్చు. అక్కడ కన్నంలోంచి వచ్చే పొడి రంగు చూడండి: ఎర్రపొడి అయితే ఇటుక, ప్లగ్గు పడుతుంది. ఇసుకలా జలజలా రాలితే ఇటుకల నడుమ సిమెంటు దర్జులో పడ్డట్టు, అది బరువు పట్టదు. అంగుళం పైకో కిందికో వేయండి.

కొలబద్ద:
గుడ్డ లెక్క రాస్తున్నాను, టైలరుకి చూపించుకోండి.

వెడల్పు: కిటికీ 60 అంగుళాలు, అటూ ఇటూ 8 చొప్పున 16, ట్రాకు 76. కుచ్చిళ్ళు రెట్టింపు ఉండాలి కాబట్టి 152. పక్క మలుపులు 5 చొప్పున 10, మధ్యలో ఎక్కేది 4. మొత్తం 166. గుడ్డ పన్నా (థాను అడ్డపు వెడల్పు) 48 అంగుళాలు అయితే మూడు పన్నాలు చాలవు, నాలుగు. తెరకి రెండు చొప్పున.

ఎత్తు: కిటికీ, వెంటిలేటరు కలిపి 60. పైన 4, కిటికీ గట్టు కింద 10. తయారయ్యాక 74. పై మడత, బకరం పట్టీకి (కుచ్చిళ్ళు నిలబెట్టే గట్టి గుడ్డ) 6, కింద అంచు 4 అంగుళాలు రెండు మడతలు కాబట్టి 8. కత్తిరించేది 88 అంగుళాలు. నాలుగు పన్నాలు × 88 = 352 అంగుళాలు, అంటే 9 మీటర్లు. లైనింగు కూడా దాదాపు అంతే.

రెడీమేడ్ 5 అడుగులవి ఎందుకు చాలవో చూశారుగా. ఎత్తు 60 దగ్గర ఆగిపోతాయి, మీకు 74 కావాలి. 7 అడుగుల డోరు కర్టెన్లు తెచ్చి 10 అంగుళాలు తగ్గించి కుట్టించుకోవచ్చు. కాని ఒక్కోటి 4 అడుగుల వెడల్పే కాబట్టి నాలుగు కావాలి.

బరువు కూడా చూసుకోండి. చదరపు మీటరుకి 250 గ్రాముల గుడ్డ అయితే ముందు గుడ్డ ఒక్కటే 2 కిలోల 700 గ్రాములు. లైనింగు కలిపితే 5 కిలోలు దాటుతుంది. ట్రాకుకి ప్రతి 18 అంగుళాలకి ఒక బ్రాకెట్.

కుచ్చిళ్ళు:
లెక్క సరిగ్గా ఉంది. కాని లైనింగుకి 48 పన్నా వద్దండీ. రెండు పన్నాలు కలిపి కుడితే నడుమ నిలువునా కుట్టు వస్తుంది. పూత గుడ్డలో సూది దిగిన ప్రతి కన్నం ఒక వెలుగు చుక్క, మధ్యాహ్నం మూడింటికి పైనుంచి కిందికి దీపాల తోరణంలా కనిపిస్తుంది. లైనింగు 108 అంగుళాల పన్నాలో దొరుకుతుంది. దాన్ని అడ్డం తిప్పి వాడాలి: పన్నా మీకు ఎత్తు అవుతుంది, థాను పొడవు వెడల్పు అవుతుంది. 88 అంగుళాల ఎత్తు 108లో హాయిగా పడుతుంది, నడుమ అతుకే ఉండదు. 5 మీటర్లు చాలు. ముందు గుడ్డలో అతుకు ఉన్నా పర్వాలేదు, వెనక అడ్డుంటుంది.

టైలరుకి ఈ మాటలు చెప్పండి: 14 నంబరు సూది, కుట్టు నిడివి 4 మి.మీ., పూత గుడ్డకి గుండుసూదులు గుచ్చొద్దు, క్లిప్పులు పెట్టమనండి. తప్పు కుట్టి విప్పితే ఆ కన్నాలు పూడవు. అంచులో బట్టతోపాటు సీసపు గొలుసు కుట్టిస్తే ఫ్యాను గాలికి కింద ఎగరదు.

కోనసీమ_నీడ:
చీకటి గురించి అందరూ బాగా చెప్పారు. వేడి గురించి చెబుతాను, ఈ రెండిటినీ చాలామంది కలిపేస్తారు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెను చేయగలిగింది కొంచెమే. తెల్లటి వీపు కొంత వెనక్కి పంపుతుంది, మిగతాది గుడ్డకీ అద్దానికీ మధ్య గాలిని వేడెక్కించి గదిలోకే వదులుతుంది. మూడు గంటలకి కర్టెను వెనక చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టు ఉంటుంది. వేడిని అద్దం అవతలే ఆపాలి.

సన్‌షేడ్ ఉందిగా అనుకోకండి. అది నడినెత్తి ఎండకి. పడమటి సూర్యుడు కిందికి వాలాక దాని కిందుగా దూరి వస్తాడు. సన్‌షేడ్ అంచునుంచి వెదురు చిక్కు (వెదురు పుల్లల తెర) గాని, కొబ్బరాకు దడి గాని వేలాడదీయండి, కిటికీకి అడుగున్నర ఎడంగా. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి ఆ ఎడం ఉండాలి. మన వైపు కొబ్బరాకుకి కొదవ లేదు. కింది మూలలు రెండూ తాడుతో కట్టేయాలి, లేకపోతే ఈదురుగాలికి అద్దాలు పగులుతాయి. తుపాను కబురు రాగానే విప్పి లోపల పెట్టాలి.

దక్షిణపు కిటికీకి అంత ఖర్చు అక్కర్లేదు. మనది 16న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు, దక్షిణపు గోడకి ఎండే తగలదు. అక్కడ చీకటి కోసం కర్టెను చాలు, దడి అవసరం లేదు.

ఉండి_కాలువ:
వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే ఇంకా చల్లగా ఉండదా?

కోనసీమ_నీడ:
వడగాడ్పు కొట్టే పొడి ఊళ్ళలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీరు ఆవిరైతేనే చల్లదనం, మన గాలిలో ముందే చెమ్మ నిండి ఉంటుంది కాబట్టి ఆవిరయ్యేది తక్కువ. వాసన హాయిగా ఉంటుంది, కాని గదిలో ఉక్క పెరుగుతుంది. కర్టెను వెనక బూజుకి అదే దారి. నీళ్ళు చల్లకుండా నీడకి మాత్రం వాడుకోండి.

అద్దెగది_తణుకు:
అద్దె ఇంట్లో గోడకి కన్నాలు వేయనివ్వరు. పెల్మెట్ కుదరదు. ఏం చేయొచ్చు?

రీపరు_మేకు:
ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపుల్లో సన్‌బోర్డు అనే తేలికపాటి నురగ పలక అమ్ముతారు, 5 మి.మీ. మందం తీసుకోండి. కిటికీ బంధం లోపలి కొలతకి అన్నివైపులా 2 మి.మీ. తగ్గించి కోయించండి. 4 అడుగులు దాటితే రెండు ముక్కలు చేసి అతుకు మీద లోపలివైపు నల్ల టేపు అతికించండి, తలుపులా మడుస్తుంది. అంచుల చుట్టూ నురగ పట్టీ అంటిస్తే బంధంలో బిగుతుగా నిలుస్తుంది. ఊచలు వెనక దన్నుగా ఉంటాయి కాబట్టి పడిపోదు. తెల్ల ముఖం బయటికే ఉండాలి. నల్లది బయటికి పెడితే పడమటి ఎండకి మెత్తబడి వంకర పోతుంది. దానిమీద మామూలు కర్టెను వేసుకుంటే చాలు.

వెల్క్రో గోడకి అతికించాలని చూడకండి. సున్నం మీదా డిస్టెంపరు మీదా ఆ జిగురు చెమ్మకి నాలుగు రోజుల్లో జారుతుంది, పోతూ పోతూ పెచ్చు ఊడదీస్తుంది. సొంత ఇల్లయితే అర అంగుళం రీపరు ముక్క గోడకి స్క్రూలతో బిగించి, వెల్క్రో దానికి పిన్నులు కొట్టాలి.

అంతర్వేది_గాలి:
కొన్నాక చూసుకోవాల్సినవి. నిద్ర లేవగానే కర్టెను పూర్తిగా పక్కకి లాగి, రెక్కలు తెరిచి అరగంట గాలి పోనివ్వండి. ఏసీ వేసిన గది చల్లబడి ఉంటుంది, ఆపి తెరిచిన మొదటి పది నిమిషాల్లో బయటి తేమ గోడమీదా గుడ్డమీదా చేరుతుంది, కాబట్టి తెరిచాక ఫ్యాను ఆపకండి. ముసురు పట్టిన రోజుల్లో లైనింగు కింది మూలలు వేళ్ళతో తడిమి చూడండి. ముక్కవాసన వచ్చిందంటే బూజు మొదలైనట్టే. వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి మెత్తటి గుడ్డతో అద్ది నీడలో ఆరనివ్వండి. బ్లీచింగు వద్దు, పూత పోతుంది. పూత గుడ్డని పిండకూడదు, డ్రయ్యరులో వేయకూడదు, వీపువైపు ఇస్త్రీ పెట్టె తగలకూడదు. దాచేటప్పుడు మడత పెట్టకుండా చాపలా చుట్టండి.

నేలకి ఆనేలా పొడుగు కర్టెన్లు చాలా అందంగా ఉంటాయి, కాని తడిగుడ్డ పెట్టే నేలమీద అంచు నల్లబడుతుంది. అంగుళం పైకి ఉంచండి. ఇంకొకటి, దోమల కాయిల్ కర్టెను దగ్గర పెట్టకండి. పాలిస్టరు కరిగి అంటుకుంటుంది.

భీమవరం_పడమర:
అందరి సలహాలూ కలిపి ఇలా అనుకుంటున్నాను. పడమటికి వంపు చివర్ల ట్రాకు, మూత ఉన్న 8 అంగుళాల పెల్మెట్, ముదురు నీలం ట్రిపుల్ వీవ్ 9 మీటర్లు, 108 పన్నా లైనింగు 5 మీటర్లు. లోపల ఇంకో వరసలో నరసాపురం లేసు తెర, సాయంత్రం వెలుగు కోసం. బయట కొబ్బరాకు దడి. దక్షిణానికి 3 అడుగుల కిటికీకి ట్రిపుల్ వీవ్ ఒక్కటే, దానికీ 8 అంగుళాల దాటింపు. వెంటిలేటరుని సన్‌బోర్డుతో పూర్తిగా మూసేస్తాను. గదిలో ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నాయి, వాటిని కర్టెను వెనక మూలకి జరుపుతాను.

కొలబద్ద:
చివరి రెండూ వద్దండీ, దయచేసి. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని గుడ్డ వెనక, మూసిన గదిలో పెట్టకూడదు. హాల్లోకో వసారాలోకో మార్చాకే వెంటిలేటరు సంగతి చూడండి. అప్పుడైనా పూర్తిగా మూయొద్దు. మీ లెక్కలో కర్టెను వెంటిలేటరుని ఎలాగూ కప్పుతోంది, దానికి విడిగా బోర్డు అక్కర్లేదు.

రీపరు_మేకు:
పెల్మెట్ 8 అంగుళాలు అన్నారు కాబట్టి వరసలు సరిచూసుకోండి: లేసు తెర కిటికీ వైపు, గోడకి 2న్నర అంగుళాల దగ్గర. బ్లాకౌట్ గదివైపు, 5న్నర దగ్గర. అప్పుడు పక్క మలుపు 5 కాదు, 6 అంగుళాలు కావాలి. లైనింగు 5 మీటర్లలో అది సరిపోతుంది, ముందు గుడ్డలోనూ సరిపోతుంది. బిగించిన రోజు మధ్యాహ్నం మూడింటికి అన్నీ మూసి, లోపల ఐదు నిమిషాలు కళ్ళు అలవాటు పడేదాకా నిలబడండి. వెలుగు కారే చోటల్లా సుద్దముక్కతో గోడమీద గుర్తు పెట్టండి, వడ్రంగి వెళ్ళకముందే.

భీమవరం_పడమర:
బ్యాటరీ ఈరోజే వసారాలోకి మారుస్తున్నాం. మలుపు 6 అని టైలరు కాగితంలో దిద్దాను.